పారబోసిన మందు

అక్షయ నల్లబడుతోందని మొదట అన్నది పోలేరమ్మ. ఒక ఆదివారం మనవరాలికి తలంటి పోస్తూ వేళ్ళ కణుపులు ఎంతసేపు రుద్దినా తెల్లబడకపోయేసరికి, "ఈ మకిలి వదలట్లేదేంటే మల్లేశ్వరీ" అని కోడల్ని పిలిచింది. నాగమల్లేశ్వరి వచ్చి చూసింది. అది మకిలి కాదు. కణుపులు, మోచేతులు, అరచేతుల్లో గీతలు, చివరికి చిగుళ్ళు కూడా నేరేడు పళ్ళు తిన్నట్టు నల్లగా ఉన్నాయి. ఆమె చెంబు తీసుకుని పిల్ల నెత్తిన నీళ్ళు పోసింది. ఆ మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. ఇద్దరికీ ఒకే మనిషి గుర్తొచ్చాడు. సాత్విక్ కూడా పోయేముందు ఇలాగే ఉండేవాడు.

వాళ్ళది బందరుకు ఇరవై కిలోమీటర్ల దూరంలో, సముద్రాన్ని ఆనుకుని ఉన్న పాలెం. నాగమల్లేశ్వరి భర్త జానకిరామ్ ఫైబర్ బోటు మీద వేటకు వెళతాడు. అతను ఆమెకు మేనత్త కొడుకు. పోలేరమ్మ అత్తగారే కాదు, తండ్రికి తోడబుట్టిన అక్క కూడా. ఆ ఇంట్లో ఎటు చూసినా మేనరికాలే. పోలేరమ్మ తల్లిదండ్రులదీ మేనరికమే. పాలెంలో ఇంటర్ దాకా చదివిన ఆడపిల్ల నాగమల్లేశ్వరి ఒక్కతే కావడంతో, డ్వాక్రా గ్రూపు కాగితాలు ఆమే రాసేది, మందుల చీటీలు ఆమే చదివి చెప్పేది. ఆమె మాటంటే ఆడవాళ్ళకు గురి.

సాత్విక్ ఆమె మొదటి బిడ్డ. వయసుకు మించిన పొడుగు. మూడేళ్ళకే ఐదేళ్ళవాడిలా ఉండేవాడు. చూసినవాళ్ళందరూ తాత పోలిక అనేవాళ్ళు. కానీ వాడికి జ్వరం వస్తే మామూలు పిల్లల్లా ఉండేది కాదు. సాయంత్రం ఒళ్ళు వెచ్చబడితే తెల్లారేసరికి మెడ వాల్చేసేవాడు, పిలిస్తే కళ్ళు తెరిచేవాడు కాదు. అప్పుడు జాన్ పాల్‌ను పిలిచేవాళ్ళు. జాన్ పాల్ ఆరెంపీ. బందరులో ఒక నర్సింగ్ హోములో పదేళ్ళు కాంపౌండరుగా చేసి, ఆ అనుభవంతో పాలెంలో చిన్న గది అద్దెకు తీసుకుని వైద్యం చేసేవాడు. వచ్చి పిల్లవాడి నడుముకు ఒక సూది వేసేవాడు. గంటలో వాడు లేచి కూర్చునేవాడు, పూటలో అన్నం అడిగేవాడు. అలా ఐదారు సార్లు జరిగింది. పాలెమంతా జాన్ పాల్ హస్తవాసి గురించి చెప్పుకునేది.

ఆ సూదిలో ఏముందో ఎవరూ అడగలేదు. మోకాళ్ళ నొప్పులకైనా, ఆయాసానికైనా, జ్వరానికైనా ఆయన చేతిలో అదే సీసా. వీధి చివర ఉండే వెంకటరత్నమ్మ కీళ్ళ నొప్పులకని రెండేళ్ళ పాటు నెలకు రెండుసార్లు ఆ సూది వేయించుకుంది. మొదట్లో చెంగు చెంగున నడిచింది. తరవాత ముఖం ఉబ్బింది, షుగరు పెరిగింది, కాలి మీద లేచిన చిన్న పుండు మానలేదు. చివరికి బందరు ఆస్పత్రిలో మోకాలి కింద దాకా కాలు తీసేశారు. అక్కడి డాక్టర్లు ఆ సూదిలో ఉన్నది స్టిరాయిడ్ అని, దాన్ని ఇష్టమొచ్చినట్టు వాడితే మనిషి లోపల్నించి గుల్లవుతాడని చెప్పారు. ఆ నెలలోనే ఏఎన్ఎం పాలెం ఆడవాళ్ళను కూర్చోబెట్టి ఆ మాటే చెప్పింది. నాగమల్లేశ్వరి దాన్ని నోటు పుస్తకంలో రాసుకుంది.

సాత్విక్‌కు ఆఖరి జ్వరం వచ్చింది నాలుగో ఏట, ఏప్రిల్ నెలలో. జానకిరామ్ వేటలో ఉన్నాడు. పొద్దున్నే పిల్లవాడు రెండు వాంతులు చేసుకుని మంచం మీద వాలిపోయాడు. పోలేరమ్మ పరుగున వెళ్ళి జాన్ పాల్‌ను తీసుకొచ్చింది. ఆయన ఒళ్ళు తాకి చూసి, సంచీ తెరిచి, ఎప్పటి సీసాలోంచే సూదిలోకి మందు ఎక్కించాడు. నాగమల్లేశ్వరి పిల్లవాడికి అడ్డంగా నిలబడింది.

"అది స్టిరాయిడ్ కదండీ? నా కొడుక్కి వద్దండీ" అంది.

జాన్ పాల్ సూది కిందికి దించాడు. ప్రతిసారీ దీంతోనే కదమ్మా తేరుకున్నాడు అని నెమ్మదిగా అన్నాడు. ఆమె వెంకటరత్నమ్మ కాలి సంగతి ఎత్తింది. ఆయన ముఖం వాడిపోయింది. సూదిలో ఎక్కించిన మందును గుమ్మం పక్కనున్న కాలవలోకి పిచికారీ కొట్టేశాడు. జ్వరం తగ్గడానికి వేరే సూది వేసి, తడిగుడ్డతో ఒళ్ళు తుడవమని చెప్పి వెళ్ళిపోయాడు.

జ్వరం తగ్గింది. ఒళ్ళు చల్లబడుతుంటే నయమవుతోందనే అనుకుంది నాగమల్లేశ్వరి. పదకొండు గంటలకు పిల్లవాడికి ఫిట్స్ వచ్చాయి. 108 వచ్చేలోపే, పన్నెండు కాకముందే, తల్లి ఒళ్ళోనే పోయాడు.

మూడింటికి బోట్లు ఒడ్డుకు వచ్చాయి. జానకిరామ్ ఇసకలో పరుగెత్తుకుంటూ వచ్చి, ఎవరు ఏం మందు ఇచ్చారని అడిగాడు. పోలేరమ్మ గుండెలు బాదుకుంటూ, జాన్ పాల్ వచ్చి సూది వేశాడని చెప్పింది. ఆమె అబద్ధం ఆడలేదు. వేయని సూది గురించి ఆమెకు తెలియదు. ఆ మాటలు జరిగినప్పుడు ఆమె పెరట్లో నీళ్ళు పట్టుకుంటోంది. కుల పెద్ద అయిన పెద్దబ్బాయి ముందు నడిచాడు, వెనక పాతికమంది మగవాళ్ళు. జాన్ పాల్‌ను గదిలోంచి ఈడ్చుకొచ్చి కొట్టారు. ఏ చేత్తో సూది వేశావని అడిగి, ఆ చేతిని గట్టు మీద పెట్టించి తెడ్డుతో చితక్కొట్టింది జానకిరామే. ఆ కేకలు ఇంటి దాకా వినిపించాయి. నాగమల్లేశ్వరి కొడుకును ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. లేచి వెళ్ళి ఆయన తప్పేమీ లేదని, ఆ సూది వద్దన్నది తనేనని చెప్పడానికి ఆమెకు నోరు పెగల్లేదు.

ఆ సాయంత్రమే జాన్ పాల్ భార్యను తీసుకుని పాలెం వదిలి వెళ్ళిపోయాడు. లైసెన్సు లేని వైద్యం కాబట్టి ఆయన కేసు పెట్టలేదు. ఆ రోజు నోరు పెగలకపోవడం నిజమే. మర్నాడు పెగిలేది. ఆ తరవాత కూడా మూడేళ్ళకు పైగా ఆమె చెప్పలేదు. ఎటూ ఆ సూది చెడ్డదే కదా, వేసినా బతికేవాడు కాదేమో అని తనకు తాను చెప్పుకుంటూ వచ్చింది.

సాత్విక్ పోయినప్పుడు అక్షయకు ఏడాదిన్నర. ఆ తరవాత ఆ పిల్లకు కాస్త ఒళ్ళు వెచ్చబడినా సరాసరి బందరు తీసుకెళ్ళి సెలైన్ పెట్టించేవాళ్ళు. ఐదో ఏడు వచ్చాక ఒక పొద్దున పిల్ల ఎంత పిలిచినా లేవలేదు. ఒళ్ళంతా చెమట. ముందు రోజు సాయంత్రం అన్నం తినకుండా పడుకుంది, అంతే. బందరు ఆస్పత్రిలో రక్తం చూస్తే చక్కెర ముప్పై నాలుగు ఉంది. నరానికి గ్లూకోజు ఎక్కిస్తే కళ్ళు తెరిచింది. అక్కడున్న పిల్లల డాక్టరు చిగుళ్ళు చూసి, అరచేతులు తిప్పి చూసి, విజయవాడలో హార్మోన్ల డాక్టరు సుస్మిత గారికి ఉత్తరం రాసిచ్చాడు.

సుస్మిత నలభై ఏళ్ళ మనిషి, తొందరపడకుండా మాట్లాడుతుంది. పిల్ల పొడవు కొలిచింది. పొద్దున ఎనిమిదింటికి రక్తం తీయించింది. తరవాత ఒక హార్మోన్ సూది వేయించి, గంట ఆగి మళ్ళీ తీయించింది. వారం తిరిగాక రమ్మంటే జానకిరామ్ వేట మానుకుని భార్యతో, పిల్లతో బస్సెక్కాడు. ఆ రోజు గదిలో డాక్టరు ఒక తెల్ల కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది.

మూత్రపిండాల మీద టోపీల్లా రెండు గ్రంథులు ఉంటాయి, అడ్రినల్ అంటారు. అవి కార్టిసాల్ అనే హార్మోన్ తయారుచేస్తాయి. జ్వరం వచ్చినా, దెబ్బ తగిలినా, పస్తు పడుకున్నా మనిషిని నిలబెట్టేది అదే, రక్తంలో చక్కెర పడిపోకుండా కాసేదీ అదే. ఎప్పుడు ఎంత తయారుచెయ్యాలో ఆ గ్రంథి తనంతట తాను తేల్చుకోలేదు. మెదడు కింద ఉండే పిట్యూటరీ అనే మరో గ్రంథి రక్తం ద్వారా కబురు పంపుతుంది. ఆ కబురు అందుకోవడానికి అడ్రినల్ కణాల గోడల మీద రిసెప్టర్లు ఉంటాయి. కబురు వచ్చి రిసెప్టర్‌ను పట్టుకుంటేనే కణం లోపల పని మొదలవుతుంది. సరిపడా తయారయ్యాక పైన ఉన్న పిట్యూటరీకి తెలిసి కబురు తగ్గుతుంది. అక్షయకు ఆ రిసెప్టరే తప్పుగా తయారైంది.

నాగమల్లేశ్వరి కాసేపు బొమ్మ వంక చూసి, "సెట్టు పాడైన బోటులాగానాండీ?" అంది.

డాక్టరుకు అర్థం కాలేదు. జానకిరామ్ విడమరిచి చెప్పాడు. వాయుగుండం వస్తుంటే ఒడ్డు నుంచి వైర్‌లెస్‌లో పిలుస్తారు. బోటులో సెట్టు పాడైతే వాళ్ళు ఎంత పిలిచినా వీళ్ళకు వినపడదు.

"సరిగ్గా అదేనండీ. జవాబు రాదు కాబట్టి పైనుంచి ఇంకా గట్టిగా పిలుస్తూనే ఉంటారు. ఈ పాప రక్తంలో ఆ కబురు ఉండాల్సిన దానికి ముప్పై రెట్లు ఉంది. మొన్న సూదితో ఇచ్చి చూసింది కూడా ఆ కబురునే. గంట ఆగినా గ్రంథి కదల్లేదు. కానీ చర్మానికి రంగు ఇచ్చే కణాల మీద దీనికి దగ్గరి చుట్టం లాంటి రిసెప్టర్ ఉంటుంది. ఆ కేకలు దానికి వినిపిస్తున్నాయి. అందుకే ఈ నలుపు" అంది డాక్టరు. ఒంట్లో ఉప్పును చూసుకునే హార్మోన్ వేరే దారిలో ఆజ్ఞ తీసుకుంటుందని, అది బాగానే ఉందని, రక్తంలో ఉప్పు తగ్గదు కాబట్టి ఈ జబ్బును తొందరగా ఎవరూ పోల్చుకోలేరని కూడా చెప్పింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు చెడ్డ జన్యువులు కలిస్తేనే బిడ్డకు వస్తుంది. రక్తసంబంధంలో పెళ్ళిళ్ళు జరిగే ఇళ్ళలో అవి కలిసే అవకాశం ఎక్కువ. గట్టిగా తేల్చుకోవడానికి జన్యు పరీక్షకు పంపుతానంది.

తరవాత, మొదటి బిడ్డ సంగతి అడిగింది. పొడుగు, నలుపు, జ్వరాలు, ఫిట్స్. ఒక్కొక్కటీ రాసుకుంటూ, మరి అన్నిసార్లు జ్వరం వచ్చి ఎలా తేరుకున్నాడని అడిగింది. ఆరెంపీ ఏదో సూది వేసేవాడని, పూటలో లేచేవాడని జానకిరామ్ చెప్పాడు. చివరికి ఆ సూదితోనే చంపాడన్నాడు.

డాక్టరు కలం ఆపింది. "అంత తొందరగా లేచేవాడంటే అది స్టిరాయిడే అయ్యుంటుంది. తెలిసో తెలియకో ఆయన వేసింది ఈ పిల్లల ఒంట్లో లేని హార్మోన్నేనండీ. ఆ సూది ఈ జబ్బున్న పిల్లవాణ్ణి చంపదు. అది పడకపోతేనే ప్రమాదం."

నాగమల్లేశ్వరి ఒళ్ళో ఉన్న పిల్ల రిబ్బను విప్పి మళ్ళీ కట్టింది. చేతులకు పని కావాలి కాబట్టి కట్టింది. డాక్టరు మందులు రాసిచ్చింది. రోజుకు మూడు పూటలా చిన్న మాత్ర, జీవితాంతం. జ్వరం వస్తే మూడింతలు. వాంతులై మాత్ర నిలవకపోతే తొడకు సూది. ఆ సీసాలు ఎప్పుడూ ఇంట్లో ఉండాలి, ఒక్క పూట కూడా మానకూడదు. మాత్ర ఖరీదు చాకొలెట్ ఖరీదుకు మించదు.

తిరుగు బస్సు పామర్రు దాటింది. జానకిరామ్ కిటికీ వైపు కూర్చున్న భార్యతో, "మరి ఆ రోజు ఏం వేశాడు వాడు?" అన్నాడు.

ఆమె తెలియదంది.

మాత్రలు మొదలుపెట్టిన నెలన్నరకే అక్షయ కణుపులు తేటపడ్డాయి. చిగుళ్ళు ఎర్రగా కనిపించాయి. పోలేరమ్మ రోజూ పిల్ల నోరు తెరిచి చూసేది. ఒకరోజు అలా చూస్తూ, చిన్నప్పుడు తన చెల్లెలు ఒకతె ఇలాగే నల్లగా, పొడుగ్గా ఉండేదని, చలిజ్వరమొచ్చి పోయిందని, ఆ తరవాత ఒక తమ్ముడూ అలాగే పోయాడని చెప్పింది. అమ్మవారి కోపమని మేకను కొట్టారట. ఆ పేర్లు కూడా ఇప్పుడు సరిగా గుర్తులేవంది. నాగమల్లేశ్వరికి పిల్ల తేటపడుతున్న కొద్దీ లోపల బరువెక్కింది. ప్రతి మాత్రా సాత్విక్‌కు వేయని మాత్రలాగే కనిపించేది.

జన్యు పరీక్ష కాగితం వచ్చిందని డాక్టరు పిలిచినప్పుడు జానకిరామ్ వేటలో ఉన్నాడు. ఆమె పిల్లను తీసుకుని ఒక్కతే వెళ్ళింది. అనుకున్నదే నిజమైంది. ఆ కాగితం సంచీలో పెట్టుకుని, ఆమె బస్టాండుకు కాకుండా నిడమానూరు వైపు వెళ్ళే సిటీ బస్సెక్కింది. జాన్ పాల్ మరదలు బందరు చేపల మార్కెట్లో కూర్చుంటుంది. ఆవిడ దగ్గర ముందే ఆనవాళ్ళు అడిగి ఉంచుకుంది.

అది ఇంటర్ ఆడపిల్లల హాస్టలు, జాన్ పాల్ అక్కడ వాచ్‌మన్. ఇనప గేటు పక్కన రేకుల గది, అందులో టేబుల్ ఫ్యాను, వచ్చీపోయేవాళ్ళ రిజిస్టరు. జాన్ పాల్ ఎడమ చేత్తో అక్షరం అక్షరం పేర్చినట్టు రాస్తున్నాడు. కుడి చేయి ఒళ్ళో పెట్టుకుని ఉన్నాడు, వేళ్ళు సగం ముడుచుకుని కర్రల్లా ఉన్నాయి. తలెత్తి ఆమెను చూసి పోల్చుకున్నాడు. కూర్చోమని అనలేదు, పొమ్మనీ అనలేదు. పిల్లను చూసి ఫ్యాను అటు తిప్పాడు.

"డాక్టరు గారూ..." అంది ఆమె.

"ఇక్కడ అలా పిలవొద్దమ్మా. వింటే ఉద్యోగం తీసేస్తారు."

ఆమె నిలబడే అంతా చెప్పింది. జబ్బు పేరు, డాక్టరు గీసిన బొమ్మ, ఆ సూది గురించి డాక్టరు అన్న మాట. తను వద్దన్న సంగతి ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదని కూడా చెప్పింది. ఆయన వింటూ మధ్యలో పిల్లల్ని చూడవచ్చిన ఇద్దరు తండ్రుల చేత రిజిస్టరులో సంతకాలు చేయించుకున్నాడు. ఆమె చెప్పడం అయిపోయాక రిజిస్టరు మూసి పక్కన పెట్టాడు.

"ఆ రోజు నిన్ను పక్కకు నెట్టి వేసుండాల్సింది అనుకున్నాను చాలాసార్లు," అన్నాడు. "ఎందుకు వెయ్యలేదో తెలుసా? నీ కొడుక్కి అది ఎందుకు పనిచేస్తోందో నాకూ తెలియదమ్మా. అందరికీ వేసేవాణ్ణి, వాడికీ వేశాను. తెలిసినవాడైతే నీతో వాదించేవాడు. తెలియనివాణ్ణి కాబట్టి కాలవలో పారబోశాను."

ఆమె కళ్ళొత్తుకుంది. ఆయన ఆమె ఏడుపు చూడలేదు, లేదా చూడదలచుకోలేదు.

"వెంకటరత్నమ్మ కాలు నా వల్లే పోయింది. ఆ పాపం నాది. నీ పిల్లోడిది కూడా నాదేననుకుని ఇన్నాళ్ళూ మోశాను. ఇప్పుడొచ్చి కాదంటున్నావు. నా చెయ్యి ఇట్టా అయ్యాక."

ఆమె క్షమించమని అడగడానికి రాలేదంది. చెప్పడానికే వచ్చానంది. చెప్పావుగా, అన్నాడాయన. ఇక వెళ్ళమన్నట్టే ఉంది ఆ గొంతు. ఆమె పిల్ల చెయ్యి పట్టుకుని గేటు దాకా వెళ్ళాక వెనకనుంచి పిలిచాడు. వాంతులైతే సూది ఎవరు వేస్తారని అడిగాడు. ఆస్పత్రికి తీసుకెళతామని, నర్సు ఒకసారి చూపించింది కానీ తనకు చేతులు వణికాయని ఆమె చెప్పింది. పాలెం నుంచి బందరుకు వానాకాలంలో ఎంతసేపు పడుతుందో తెలుసు కదా అన్నాడు.

ఎదురుగా బండి మీద బత్తాయిలు అమ్ముతున్నారు. ఒకటి కొని తెమ్మన్నాడు. ఆమె సంచీలో సీసాలు, సూదులు ఉన్నాయి. ఒక కొత్త సూది తీయించి, మంచినీళ్ళ సీసాలోంచి ఒక మిల్లీలీటరు ఎక్కించమన్నాడు. గాలి బుడగ ఎలా తీసేయాలో, సీసాలోని పొడిలో నీళ్ళు కలిపి ఎలా తిప్పాలో, ఇందులో సగమే ఎందుకు వెయ్యాలో చెప్పాడు. తొడకు బయటి వైపు, మోకాలికీ తుంటికీ నడిమధ్య, నిటారుగా. తను మాత్రం సూది ముట్టుకోలేదు. ఆమె బత్తాయిలో పొడిచింది. మళ్ళీ అన్నాడు. మళ్ళీ పొడిచింది. పది పదిహేను సార్లు అయ్యాక ఆమె చెయ్యి వణకడం మానింది. అప్పుడు ఆయన ఆ సూదిని వంచి చెత్తబుట్టలో వేయించి, రిజిస్టరు ముందుకు లాక్కున్నాడు.

ఇంటికి వచ్చిన మూడో రోజు జానకిరామ్ వేట నుంచి వచ్చాడు. ఆమె అతను అన్నం తిని చేయి కడుక్కునేదాకా ఆగి, పోలేరమ్మను కూడా కూర్చోబెట్టి చెప్పింది. దాచకుండా చెప్పింది. పోలేరమ్మ ముందు కోడల్ని తిట్టడానికి నోరు తెరిచింది. తరవాత, జాన్ పాల్ పేరు ఆ రోజు చెప్పింది తనేనని గుర్తొచ్చిందేమో, కొంగు నోట్లో కుక్కుకుని పెరట్లోకి వెళ్ళిపోయింది.

"అప్పుడే ఎందుకు చెప్పలేదు?" అన్నాడు జానకిరామ్.

"చెబితే నన్ను కొట్టేవాడివి."

"నిన్నే కొట్టాల్సింది," అన్నాడు. కానీ కొట్టలేదు. ఆ రోజు నుంచి అతను ఆమెతో మాట్లాడటం మానేశాడు. కావాల్సింది పిల్లతో చెప్పించేవాడు. పడక వరండాలోకి మార్చుకున్నాడు.

ఆమె, కుల పెద్ద అయిన పెద్దబ్బాయి ఇంటికి వెళ్ళి, పాలెం అందరి ముందు చెబుతానంది. ఆయన వల అల్లుతూనే విన్నాడు. జరిగిపోయినదాన్ని తవ్వితే ఎవరికి లాభమని, పాతికమంది మగవాళ్ళ చేతులు అందులో ఉన్నాయని, నోరు మూసుకుని, ఉన్న ఒక్క బిడ్డను సాక్కోమని చెప్పాడు. ఆమె డ్వాక్రా గ్రూపులో చెప్పింది. ఆడవాళ్ళు విన్నారు. ఒకరిద్దరు ఆమెను జాలిగా చూశారు. వెంకటరత్నమ్మ మాత్రం, వాడికి తగిన శాస్తే జరిగింది, ఎవరి లెక్కలో అయితేనేం అంది. ఆ తరవాత మందుల చీటీలు చదివించుకోవడానికి ఆమె దగ్గరకు వచ్చేవాళ్ళు తగ్గిపోయారు.

నవంబరులో వాయుగుండం పట్టింది. బోట్లన్నీ ఒడ్డునే ఉన్నాయి. రెండు రోజుల వానకు కాలవ పొంగి, బందరు రోడ్డు మీద కల్వర్టు మునిగింది. మూడో రోజు పొద్దున అక్షయకు జ్వరం వచ్చింది. చీటీలో ఉన్నట్టే మూడింతల మాత్రలు వేస్తే కక్కేసింది. అరగంట ఆగి మళ్ళీ వేస్తే మళ్ళీ కక్కేసింది. మధ్యాహ్నానికి మెడ వాల్చేసింది. 108కి ఫోన్ చేస్తే కల్వర్టు దాటి రాలేమన్నారు.

నాగమల్లేశ్వరి డబ్బా తెచ్చి చాప మీద పెట్టుకుంది. జానకిరామ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఆమె అతని వైపు చూడకుండా, కాళ్ళు పట్టుకో బావా అంది. అతను వచ్చి కూర్చుని పిల్ల మోకాళ్ళు అదిమి పట్టుకున్నాడు. ఆమె పొడిలో నీళ్ళు కలిపింది, సీసా తిప్పింది, గాలి తీసింది. బయట వాన హోరు. తొడ మీద చోటు కొలుచుకుని నిటారుగా గుచ్చింది. పిల్ల కనీసం ఏడవలేదు. అది చూసి జానకిరామ్ వెక్కి వెక్కి ఏడ్చాడు, సాత్విక్ పోయినప్పుడు కూడా అంతలా ఏడవలేదు.

ఆమె పంచదార నీళ్ళు వేలితో చిగుళ్ళకు రాస్తూ కూర్చుంది. ఇరవై నిమిషాలైంది. అరగంటైంది. పోలేరమ్మ గోడకు ఆనుకుని పెదవులు కదుపుతోంది. నలభై నిమిషాలకు అక్షయ కళ్ళు తెరిచి, చాప గుచ్చుకుంటోందని విసుక్కుంది. ట్రాక్టరు మాట్లాడుకుని, చుట్టూ తిరిగి సాయంత్రానికి బందరు చేరారు. సూది పడకపోతే ఇక్కడి దాకా వచ్చేది కాదని డ్యూటీ డాక్టరు అన్నాడు. నాలుగు రోజులు అక్కడే ఉండి వచ్చారు.

వాన వెలిసి బోట్లు వేటకు దిగిన రోజు జానకిరామ్ వెళ్ళలేదు. తెల్ల చొక్కా వేసుకుని తొలి బస్సెక్కాడు. ఎక్కడికని ఆమె అడగలేదు. మధ్యాహ్నం మూడు దాటాక తిరిగి వచ్చి, అరుగు మీద చెప్పులు విడిచి, చాలా నెలల తరవాత నేరుగా ఆమెతోనే మాట్లాడాడు.

"జాన్ పాల్ దగ్గరికి వెళ్ళాను. రిజిస్టరులో నా పేరు రాశాడు. ఎవరి కోసం వచ్చావన్నాడు. నీ కోసమేనన్నాను."

ఆమె చేతిలో పని పక్కన పెట్టింది.

"పాప బతికిందా అని అడిగాడు. బతికిందన్నాను. సూది ఎవరు వేశారన్నాడు. నువ్వేనన్నాను. కాళ్ళ మీద పడబోతే కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు. 'వచ్చిన పని అయింది కదా, ఇక నువ్వూ రావద్దు, నీ పెళ్ళామూ రావద్దు' అన్నాడు. నేను బయటికొచ్చి రోడ్డు అవతల నిలబడ్డాను. రెండు గంటలు. మళ్ళీ ఇటు చూడలేదు."

ఆమె లేచి అతనికి అన్నం వడ్డించింది. అతను తిన్నాడు. లోపల పోలేరమ్మ పిల్లను లేపి మాత్ర మింగిస్తోంది, పిల్ల చేదని మారాం చేస్తోంది. మారాం చేసే ఓపిక దానికి వచ్చింది. ఆ రోజు నుంచి వాళ్ళిద్దరూ మళ్ళీ మాట్లాడుకున్నారు. ఆ ఒక్క విషయం తప్ప, మిగతావన్నీ.